నల్ల బురద వేసిన రోజు

చెన్‌జియా గట్టు మీద రాట తిప్పే ఎనిమిది మందికీ పేర్లున్నాయి. బురద వేసేవాడికి లేదు. "ఒరేయ్ బురదా" అంటే పలకాలి. లౌ షుయ్‌గెన్ అలా పలుకుతూనే పెరిగి, పెళ్ళి మాట ఎవరూ ఎత్తకుండానే ముప్ఫై దాటాడు. పుట్టినప్పుడు జాతకం చూసినాయన బిడ్డకి నీటి బలం తక్కువన్నాడట. అందుకని 'షుయ్' అని పేరులోనే నీళ్ళు కలిపి పెట్టారు. ఆ నీళ్ళు చాలవన్నట్టు తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా మోకాలి లోతు తడిలోనే అతని బతుకు.

ఆ వైపు కాలువలు ఒకదాన్నొకటి ఒరుసుకునే పోతాయి గానీ వాటి నీటి మట్టాలు మాత్రం ఒక్కటి కావు. చెన్‌జియా దగ్గర కింద కాలువ, పైన ఏరు, రెండింటికీ మధ్య రెండు నిలువుల తేడా. పడవలు ఎగరలేవు కనక, మధ్యలో వాలుగా మట్టి గట్టు పోసి, దాని మీద తడి బురద పులిమి, వెదురు తాళ్ళతో పడవని పైకి లాగుతారు. గట్టు నెత్తిన నిలువుగా పాతిన లావుపాటి మొద్దే రాట. దానికి అడ్డంగా దూర్చిన కర్రల్ని తోస్తూ మనుషులు గుండ్రంగా తిరుగుతుంటే తాడు మొద్దుకి చుట్టుకుంటుంది, పడవ అంగుళం అంగుళం పైకి పాకుతుంది.

రాట మేస్త్రీ పాన్ పెద్దాయనకి దాని లెక్క నోటికొచ్చు. "నిలువునా ఎత్తాలంటే ఊరంతా కదలాలి. ఎత్తుకి ఐదింతల పొడుగున వాలు పోశాం గనక ఐదోవంతు బలం చాలు. కాకపోతే ఐదింతల దూరం నడవాలి. గట్టు ఎవడికీ ఊరికే పెట్టదురా, బరువులో తగ్గించింది దూరంలో రాబడుతుంది" అనేవాడు. కర్ర సంగతీ అంతే. కర్ర ఎంత పొడుగైతే తోపు అంత తేలిక, తిరగాల్సిన చుట్టు అంత పెద్దది.

పెద్దాయన ఈ లెక్కలో చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. ఐదోవంతు చాలాలంటే బురద మీద రాపిడి బొత్తిగా ఉండకూడదు. ఉంటుంది. బురద పడవ అడుగుని పట్టుకుంటుంది, వదలనంటుంది. పొద్దస్తమానం పడవల పక్కనే నడిచే షుయ్‌గెన్‌కి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఎనిమిది మందిలో నలుగురు పడవని లాగుతున్నారు, మిగతా నలుగురూ తన బురదతో కుస్తీ పడుతున్నారు. వాళ్ళు చెమటలు కక్కుతూ తిరుగుతుంటే ఆ కుస్తీ తన వల్లేనని అతనికి సిగ్గుగా ఉండేది. "ఏ జన్మలో మా మీద పగరా నీకు, బురదా" అని ఎవడో ఒకడు రోజూ అననే అనేవాడు.

అతన్ని పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడే, చున్‌షౌ. ఇద్దరిదీ ఒకే సందు, ఒకే ఈడు. చున్‌షౌ రాటలో కడపటి చెయ్యి. వాలు సగంలో ఊపిరి రాయి అని ఒకటుంది. పడవ ముక్కు ఆ రాయి దాకా వస్తే అందరూ ఆగుతారు. కర్రలు వదిలేసి, నడుములు సాగదీసుకుని, పడవవాడు పోసే బియ్యపు సారా తలా ఒక గిన్నె పుచ్చుకుంటారు. అందరూ వదిలినా, మేస్త్రీ వచ్చి రాటకి ఆపు మేకు దిగ్గొట్టేదాకా కడపటి కర్ర పట్టుకున్నవాడు మాత్రం వదలకూడదు. నియమం తాతలనాటిది. దాని అవసరం మాత్రం ఎవరికీ తెలిసి రాలేదు, ఎందుకంటే బురదే పడవని పట్టుకుని కూర్చునేది. పెద్దాయన ముందు సారా గుక్కేసి, మూతి తుడుచుకుని, అప్పుడు మేకు వైపు చూసేవాడు. అంతవరకూ చున్‌షౌ కర్ర మీద చెయ్యి తీసేవాడు కాదు. "అది నీ పెళ్ళామేం కాదురా, వదులు" అని మిగతావాళ్ళు ఆటపట్టించేవారు. "మేకు కొట్టండి, వదుల్తా" అనేవాడు చున్‌షౌ.

ఆ ఏడు చలి తగ్గుముఖం పట్టాక దుంపల కోసం ఊరి వెనక తామర మడుగుని తోడేశారు. అడుగున నల్ల బురద తేలింది. ఇసుక రేణువు లేదు, గడ్డి పోచ లేదు. వేళ్ళ మధ్య పందికొవ్వులా జారిపోయింది. షుయ్‌గెన్ దాన్ని గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇది పులిమితే కుస్తీ పట్టే ఆ నలుగురి కష్టం తప్పుతుంది. ఎనిమిది మందీ పెళ్ళికి వెళ్తున్నట్టు నడుస్తారు. వాళ్ళ మీద జాలితోనే ఆ పని చేశానని తర్వాత తనకి తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అది సగమే నిజం. ఆ మొహాలు ఆశ్చర్యపోతే చూడాలని, ఈ బురద ఎక్కడిదిరా అని తనని అడగాలని, అదీ మిగతా సగం.

ఎవరికీ చెప్పకుండా తెల్లారేసరికి గట్టంతా నల్ల బురద పరిచేశాడు. మొదట వచ్చింది సారా జాడీల పడవ, అంచు దాకా నీట మునిగి ఉంది. తాళ్ళు తగిలించారు, పెద్దాయన పాట అందుకున్నాడు, ఎనిమిది మందీ గుండె బిగించి తోశారు. తోసినవాళ్ళు ముందుకి తూలిపడబోయారు. పడవ అంత తేలిగ్గా వచ్చింది.

"ఇదేంట్రా, ఇందులో జాడీలున్నాయా, కోడి బుట్టలా" అన్నాడొకడు.

"నిన్న నీ పెళ్ళాం మాంసం వండిందిరా, ఆ బలం" అన్నాడు ఇంకొకడు.

పాన్ పెద్దాయన గట్టు వైపు చూసి, "మన బురదోడికి ఇన్నాళ్ళకి చెయ్యి తిరిగింది" అన్నాడు. వాలు పక్కన నీళ్ళ బొక్కెనతో నిలబడ్డ షుయ్‌గెన్‌కి ఒళ్ళు పొంగింది. ఆ పొంగే తర్వాత అతన్ని ఎక్కువ కాల్చింది.

ఊపిరి రాయి దగ్గర ఎప్పట్లాగే ఆగారు. ఎప్పట్లాగే ఏడుగురూ చేతులు దులుపుకుని సారా బుర్ర పట్టుకొచ్చిన పడవవాడి వైపు తిరిగారు. పెద్దాయన కూడా తిరిగాడు. నల్ల బురద పడవని పట్టుకోలేదు. పైకి పోయేటప్పుడు అడ్డం రానిది కిందికి పోయేటప్పుడు మాత్రం ఎందుకు అడ్డొస్తుంది? నలుగురు లాగాల్సిన బరువు తాడు మీద అలాగే ఉంది, రాట దగ్గర మనిషి ఒక్కడే ఉన్నాడు.

అటువైపు మొహం పెట్టి నిలబడ్డవాడు షుయ్‌గెన్ ఒక్కడే. చున్‌షౌ రెండు చేతులూ కర్ర మీద ఉండటం చూశాడు. కాళ్ళు మట్టిలో చాళ్ళు తీస్తూ వెనక్కి జరగటం చూశాడు. చున్‌షౌ నోరు తెరిచాడు గానీ ఊపిరి అంతా చేతుల్లోనే ఉంది, కేక రాలేదు. కేక వెయ్యాల్సింది షుయ్‌గెన్. అతను బొక్కెన పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. కర్ర చున్‌షౌని ఈడ్చి అవతల పడేసింది, వెనకే గిర్రున తిరిగొచ్చిన రెండో కర్ర అతని తుంటి మీద కొట్టింది. పడవ వాలంతా జారి కాలువలో పడింది.

జాడీలు సగానికి పైగా పగిలాయి. రెండు రోజుల పాటు కాలువ సారా కంపు కొట్టింది. బాతులు తూలుతూ గట్టెక్కాయని, ఒక బాతు కుక్కని తరిమిందని ఊళ్ళో నవ్వుకున్నారు. తలుపు వేసుకుని చున్‌షౌ మూలుగుతున్న ఇంటి ముందు నుంచి నడిచి, షుయ్‌గెన్ కూడా ఆ బాతుల కథ విని నవ్వినట్టు మొహం పెట్టాడు.

అక్కడ తగువు తేలాలంటే టీ అంగడిలో కూర్చోవాలి. ఇరుపక్షాలూ, ఊరి నలుగురూ వస్తారు. అందరికీ టీ పోస్తారు. తప్పెవరిదని తేలితే వాళ్ళే అందరి టీ ఖర్చూ పెట్టుకోవాలి. ఖర్చు పెద్దదేం కాదు. దాంతో పడే ముద్రే చావుదాకా పోదు.

సారా కొట్టు గుమాస్తా ఒక బల్ల దగ్గర, రాటవాళ్ళు ఇంకో బల్ల దగ్గర కూర్చున్నారు. చున్‌షౌ మంచం దిగే స్థితిలో లేడు. అతని భార్య యుయెజెన్ నిండు కడుపుతో వచ్చి ఒక మూల ముక్కాలి పీట మీద కూర్చుంది.

"పడవ ఎందుకు జారింది?" అన్నాడు గుమాస్తా.

పాన్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "కడపటి చెయ్యి వదిలితే జారుతుంది. ఇందులో తేల్చేదేముంది?"

"మా ఆయన వదిలాడా?" అంది యుయెజెన్. ఎదురు తిరిగి కాదు, నిజంగా తెలియకే అడిగింది. "ఆయనకేం గుర్తు రావటం లేదు."

"వదలకపోతే పడవెలా జారుతుందమ్మా?" అన్నాడు పెద్దాయన. రాటవాళ్ళు గిన్నెల్లోకి చూశారు. షుయ్‌గెన్‌కి నిజం నోటి దాకా వచ్చింది. ఇప్పుడు చెబుతాను, పెద్దాయన మాట ముగించాక చెబుతాను, ఆమె అటు తిరిగాక చెబుతాను అనుకుంటూనే ఉన్నాడు.

యుయెజెన్ లేచింది. ఖర్చుతో పాటు చివరి టీ పొయ్యటం కూడా తప్పు తేలిన ఇంటివాళ్ళ వంతే. నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో కూజా మోస్తూ బల్ల బల్లకీ తిరిగింది. షుయ్‌గెన్ దగ్గరికి వచ్చి, "తాగన్నా, చల్లారిపోతుంది. నువ్వన్నా ఆయన్ని చూసిపోతూ ఉండు" అంది.

తాగాడు. గిన్నె అడుగు ఆకులు కనపడేదాకా తాగాడు. ఆ రోజు ఆ అంగడిలో తనంత నీచుడు ఇంకొకడు లేడని అతనికి తెలుసు. తెలిసి కూడా మూతి తుడుచుకుని లేచి ఇంటికి పోయాడు.

చున్‌షౌ మంచం దిగేసరికి వానలు వచ్చి వెళ్ళాయి. ఒక కాలు పొట్టిదైంది. రాటలో అతని చోటు పాన్ పెద్దాయన మేనల్లుడికి దక్కింది. అది చున్‌షౌ తాత నాటి నుంచి వాళ్ళ ఇంటి చోటు, అయినా కర్ర వదిలినవాడికి మళ్ళీ కర్ర ఎవరిస్తారు? ఇంటి అరుగు మీద కూర్చుని గట్టు కోసం వెదురు తాళ్ళు పేనటం మొదలుపెట్టాడు. దారిన పోయే ప్రతివాడికీ, అడక్కపోయినా, "నా చేతుల వల్ల అంత పనైంది" అని చెప్పుకునేవాడు. మొదట్లో జనం ఆగి ఓదార్చేవారు. తర్వాత్తర్వాత ఆగటం మానేశారు.

షుయ్‌గెన్ మడుగు వైపు పోవటమే మానుకున్నాడు. కాలువ ఒడ్డు మట్టినే తెచ్చి, అదీ భయంతో నీళ్ళు తక్కువ కలిపి, గట్టిగా పులిమేవాడు. రాటవాళ్ళ నరాలు తెగుతున్నాయి.

"గట్టుకి బురద వేస్తున్నావా, గోడ కడుతున్నావా?" అని అరిచాడొకడు.

"వాడికి పెళ్ళి చెయ్యండర్రా, మన మీద కసి తగ్గుతుంది" అన్నాడు ఇంకొకడు.

ఎవరెన్ని అన్నా అతను ఆ మట్టే వేసేవాడు. ఊపిరి రాయి దగ్గర ఎనిమిది మందీ చేతులు వదిలేస్తే పడవ కొండరాయిలా కూర్చునేది. పాన్ మేనల్లుడైతే కడపటి కర్ర వదిలేసి అందరికంటే ముందే సారాకి పరిగెత్తేవాడు, ఒక్క పడవా జారలేదు. అది చూసిన ప్రతిసారీ షుయ్‌గెన్ ఆ రోజు లెక్కే మళ్ళీ వేసుకునేవాడు. మామూలు బురదే ఉండి ఉంటే, ఆ రోజు చున్‌షౌ నిజంగానే చెయ్యి వదిలినా ఏమీ అయ్యేది కాదు. ఆ నల్ల బురద మీద ప్రాణం పెట్టి పట్టుకున్నా ఒక్కడికి ఆగేది కాదు. ఎటు తిప్పి చూసినా తప్పు బురదది, అంటే తనది.

ఒకనాడు తాళ్ళు తెచ్చుకోవటానికి చున్‌షౌ ఇంటికి వెళ్ళాడు. చున్‌షౌ పీట జరిపాడు.

"కూర్చో షుయ్‌గెన్. ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు నువ్వు కిందే ఉన్నావు కదా?"

షుయ్‌గెన్ కూర్చోబోయి ఆగాడు. "ఉన్నాను."

"నీ మీదకి రాలేదు కదా పడవ? ఒక్క మూర ఇటు వస్తే నువ్వు నలిగిపోయేవాడివట. మా వాళ్ళు చెప్పారు. నన్ను క్షమించు. ఇన్నాళ్ళూ అడగటానికి మొహం చెల్లలేదు."

షుయ్‌గెన్ తాళ్ళు భుజాన వేసుకుని, ఏదో గొణిగి, వచ్చేశాడు. కొంత దూరం పోయాక రాతి వంతెన మీద కూర్చుండిపోయాడు. నేరం తను చేస్తే క్షమాపణ అతను అడిగాడు. అదీ తను విని ఊరుకున్నాడు. ఇక దీని కంటే దిగటానికి మెట్లు లేవనిపించింది.

తప్పు చేసినవాడికి చున్‌షౌ దగ్గరికే నేరుగా వెళ్ళి చెప్పే ధైర్యం ఎక్కడిది? ముందు పాన్ పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన ఇంటి ముందు ఎండు ఆవకూర వేసి వండిన పంది మాంసంతో అన్నం తింటున్నాడు.

"పెద్దయ్యా, ఆ రోజు నేను వేసింది మడుగు బురద."

పెద్దాయన నమలటం ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"కాళ్ళకి అంటిన బురద వాసన తెలీని మేస్త్రీనట్రా నేను? చేతి కింద కర్ర ఎంత తేలిగ్గా నడిచిందో రాటవాళ్ళకి మాత్రం తెలీదా?"

"మరి టీ అంగడిలో..."

"చున్‌షౌ ఎటూ ఇక రాట తిప్పలేడు. విరిగిన కుండకి ఇంకో దెబ్బ తగిలితే కొత్తగా పోయేదేముంది? నీ బురద మాట ఎత్తితే నువ్వు పోయేవాడివి. నీ మాట ఎత్తాక నా మేకు మాట రాకుండా ఉంటుందా? నేనూ పోయేవాణ్ణి. ఆ పైన గట్టెవడు నడుపుతాడు? నువ్వూ హాయిగా టీ తాగావుగా, ఇప్పుడెందుకు కక్కుతావు?"

"అతను వదల్లేదు పెద్దయ్యా. నేను కళ్ళారా చూశాను."

పెద్దాయన చాప్‌స్టిక్స్ ఒక్క క్షణం ఆగాయి. ఈ సంగతి మాత్రం ఆయనకి తెలియదు. తర్వాత గిన్నెలో ముక్క వెతుక్కున్నాడు. "చూస్తే చూశావు. ఇంటికి పో" అన్నాడు.

బురద సంగతి అందరికీ తెలుసు. కర్ర పట్టుకున్న పాపానికి చున్‌షౌ ఒక్కడే ఆ అబద్ధాన్ని నమ్ముతున్నాడు. ఆ మాట తట్టాక షుయ్‌గెన్ ఇంటికి పోలేదు, తిన్నగా చున్‌షౌ అరుగు దగ్గరికి పోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నీళ్ళు నములుతూనే మొదలుపెట్టాడు. మడుగు దగ్గర గుప్పిట్లో పట్టుకున్న బురద, తెల్లారకముందు పరవటం, పెద్దాయన మెచ్చుకుంటే పొంగిపోవటం, అన్నీ చెప్పాడు. చున్‌షౌ తాడు పేనుతూనే విన్నాడు. వెదురు బద్దలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

"అందరూ సారా వైపు తిరిగారు. నేను తిరగలేదు. నీ రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి."

చున్‌షౌ చేతులు ఆగిపోయాయి. "మళ్ళీ చెప్పు."

"మడుగు తోడినప్పుడు..."

"బురద సంగతి కాదు. చేతుల సంగతి."

"నువ్వు వదల్లేదు. కర్ర నిన్ను ఈడ్చింది. పడ్డాకే నీ చేతులు ఊడాయి. నేను చూశాను."

చున్‌షౌ లోపలికి తిరిగి, "యుయెజెన్, ఇటు రా. పని ఆపి రా" అని పిలిచాడు. ఆమె బియ్యం కడుగుతున్న తడి చేతులతోనే వచ్చింది. వీపున గుడ్డతో కట్టుకున్న పిల్లవాడు నిద్రపోతున్నాడు. "ఇతను చెప్పేది విను" అని భార్యకి చెప్పి, "చెప్పు" అన్నాడు షుయ్‌గెన్‌తో.

మొదటిసారి చెప్పటమే తేలికని అతనికి అప్పుడు తెలిసింది. యుయెజెన్ అతని మొహం మీంచి చూపు తిప్పకుండా అంతా విన్నది.

"ఇదంతా తెలిసే నా చేతి టీ తాగావా?" అంది.

"తాగాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని షుయ్‌గెన్ అక్కడే నిలబడ్డాడు. చున్‌షౌ తాడు పక్కన పెట్టి, అరచేతులు రెండూ బట్టలకి తుడుచుకున్నాడు. "వాణ్ణి ఇటియ్యి" అన్నాడు.

యుయెజెన్ కదల్లేదు. విన్నది సరిగ్గా అర్థం కానట్టు మొగుడి వైపు చూసింది. పిల్లవాడు పుట్టి ఏడు నెలలు దాటింది. పక్కింటివాళ్ళు అందివ్వబోయినా చున్‌షౌ చేతులు వెనక్కి పెట్టుకోవటం షుయ్‌గెన్ చూశాడు, వెదురు పేళ్ళు గుచ్చుకుంటాయని కాబోలనుకున్నాడు. తను పట్టుకుంటే జారవిడుస్తానని ఆ తండ్రి ఇన్నాళ్ళూ కన్న బిడ్డని ఒక్కసారీ ఎత్తుకోలేదని అతనికి ఇప్పుడు తెలిసింది.

ఆమె మెల్లగా గుడ్డ ముడి విప్పి పిల్లవాణ్ణి అతని చేతుల్లో పెట్టింది. తన చేతులు మాత్రం ఇంకా కిందే ఉంచింది. చున్‌షౌ మరీ గట్టిగా పట్టుకున్నాడు. వాడు లేచి కెవ్వుమన్నాడు, అయినా పట్టు సడలించలేదు. కాసేపటికి యుయెజెన్ తన చేతులు తీసేసుకుంది.

పిల్లవాడి ఏడుపు మీదుగానే చున్‌షౌ అన్నాడు. "రేపు మా అమ్మ వస్తుంది. వచ్చి ఆవిడకీ చెప్పు. ఎల్లుండి టీ అంగడిలో చెప్పు."

"చెబుతాను."

"నేను చాలనేదాకా చెప్పాలి."

షుయ్‌గెన్ తలూపాడు. చున్‌షౌ అతని వైపు చూడటం లేదు, పిల్లవాడి వీపు నిమురుతున్నాడు.